ఒక పరదా, రెండు సంచులు

ఊట్లవాగు బేస్‌క్యాంపు, ఖానాపూర్ అడవి
సెప్టెంబరు 9, 2024

పెద్దబాపుకు నవ్య దండాలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఇక్కడ సిగ్నల్ లేదని నీకంటే బాగా ఎవరికి తెలుసు? మా బాపుతో పదకొండేళ్లు ఈ రేకుల షెడ్డులోనే ఉన్నావు కదా. వారానికోసారి బియ్యం, పప్పు తెచ్చే జీపు డ్రైవరుకు ఇస్తే ఊళ్లో పోస్టుడబ్బాలో వేస్తానన్నాడు.

బాపు పోయిన తర్వాత ఆయన వాచర్ పని నాకిచ్చారు. చేరి నెల దాటింది. అవ్వ నీకు చెప్పి ఉండదు. నువ్వు దినాలకు వచ్చి వెళ్లినవాడివి మళ్లీ చెన్నూరు రాలేదని ఆమెకు మనసులో ఉంది. "సదన్న కరీంనగర్‌ల గ్రానైటు కంపెనీ గేటు కాడ కూసుంటుండట. మోకాళ్లు నొస్తే రాకపాయె, ఒక్క ఫోనన్న చెయ్యలే" అంటుంది. ఆమె దగ్గరే నీ అడ్రసు తీసుకున్నాను.

అసలు సంగతి రాస్తాను. వారంలో రెండు రాత్రులు ఎర్రగుట్ట కింద పడుకోవాలి. అడవి పందులకని కరెంటు తీగలు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి. మంట వేయకూడదు, గుడారం వేయకూడదు. వాన దిగని గుడ్డతో కుట్టిన సంచి ఒకటి ఇచ్చారు. రగ్గుతో సహా మనిషి మొత్తం దూరి జిప్పు లాక్కోవాలి. నాతోపాటు యాదవ్వ అని ఒకామె ఉంది, నలభై అయిదేళ్లుంటాయి. మొదటిరోజే అంది: "గీ సంచిని నమ్మి కింద ఏం పర్వకుంట పంటె తెల్లారేసరికి నడుము లేవది బిడ్డా." మా సారేమో, "దాని మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంది కదమ్మా, ఇంకా కింద పరదా ఎందుకు, మోత బరువు" అంటాడు. ఎవరి మాట వినాలి? కింద టార్పాలిన్ పరదా వేయాలా, వద్దా?

నేను బయట పడుకుంటున్నానని అవ్వకు తెలియదు. ఆఫీసులో కాగితాలు రాస్తానని చెప్పాను. నువ్వూ చెప్పకు.

నవ్య


కరీంనగర్
సెప్టెంబరు 20

బిడ్డా నవ్యా,

పోస్ట్‌మన్ గేటు దగ్గర నీ కవరు ఇస్తే కరెంటు బిల్లు అనుకుని పక్కన పెట్టాను. సాయంత్రం చూస్తే నీ రాత. అచ్చం మీ బాపు రాజం రాతే, అక్షరాలన్నీ కుడివైపు ఒరిగి.

నీకు ఆ పని ఎవరు ఇప్పించారే? డిగ్రీ చదివినదానివి, కరీంనగర్‌లో ఏ షాపులోనైనా కూర్చోలేకపోయావా? సరే, చేరిపోయావు. ఇప్పుడు తిట్టి లాభం లేదు.

పరదా వేయాలి. వేయకుండా పడుకోవద్దు. మీ సారు పరుపు మీద పడుకుని చెప్పే మాట అది. పైనుంచి పడే వాన సంచి మీద జారిపోతుంది, నిజమే. కింది తడి అట్లా కాదు. నీ బరువంతా తుంటి మీద, భుజం మీద పడుతుంది. ఆ బరువుకు నేలలోని తడి గుడ్డలోకి ఎక్కుతుంది. కొత్త సంచి నాలుగు నెలలు ఆపుతుందేమో. తర్వాత ఒక వెదురు మోడు గుచ్చుకుంటుంది, ఒక తుమ్మముల్లు దిగుతుంది. చిల్లు కంటికి కనపడదు, ఒంటికి తెలుస్తుంది. పరదా అసలు పని సంచిని కాపాడటం. సంచి నిన్ను కాపాడుతుంది.

అయితే వేయడం తెలియాలి. పరదా సంచికంటే వెడల్పు ఉండకూడదు. అంచు బయటికి వచ్చిందా, వాన దాని మీద పడి, పారి, నీ నడుము కిందికి చేరి నిలబడుతుంది. అప్పుడు నువ్వు నీళ్లలో పడుకున్నట్టే. పెద్ద పరదా అయితే రెండు మడతలు వేసి పరువు. నాలుగు వేళ్ల మేర లోపలికే ఉండాలి. వాలు ఉంటే జారిపోతావు, కాళ్లవైపు మూట పెట్టుకో. వాగు ఇసుక మెత్తగా ఉందని అక్కడ పడుకుంటే మాత్రం నేనే వచ్చి తంతాను. జిప్పు పూర్తిగా వేసుకోవద్దు. ఊపిరి లోపలే చెమ్మపట్టి తెల్లారేసరికి రగ్గు పిండాల్సి వస్తుంది.

మీకు పరదా ఇవ్వకపోతే యూరియా బస్తాలు నాలుగు విప్పి కుట్టుకోండి. ఇక్కడ నాకేం, నీడపట్టున ఉన్నాను. మీ పెద్దమ్మ కనకవ్వ చాప వేస్తే తీసేసి బండల మీద పడుకుంటున్నాను, ఉక్కపోతకు.

మీ అవ్వకు చెప్పను. ఆమెతో మాట్లాడేది ఉంటేనే కదా చెప్పేది.

సదానందం


ఊట్లవాగు
అక్టోబరు 14

పెద్దబాపుకు దండాలు.

యూరియా బస్తాలు కుట్టాం. నువ్వు చెప్పింది మరిచి అందంగా, వెడల్పుగా పరిచాను. వాన వచ్చింది. నువ్వు రాసినట్టే నడుము కింద చెరువు. యాదవ్వ నన్ను చూసి పడీపడీ నవ్వింది: "పెండ్లికి దరీలు పరిచినట్టు పరిచినవ్ గదా!" మర్నాడు మడతపెట్టి వేశాను, బాగానే ఉంది. కానీ రెండు వారాలకే బస్తాలు పీలికలయ్యాయి. ఈ మోడుల మీద అవి నిలవవు.

నవ్వు అక్కడితో అయిపోయింది. ఇప్పుడు యాదవ్వకు దగ్గు. పగలు తక్కువే, చల్లబడితే ఆగదు. "గిదేం రోగం కాదు, పొగాకు దగ్గు" అంటుంది. ఆమె పొగాకు ముట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. సెలవు పెడితే పనిలోంచి తీసేస్తారని భయం. ఆమె సంచి పాతది, అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి ఉన్నాయి. షెడ్డులో ఉన్నదే ఇచ్చారట. అది బాపుదేమోనని నా అనుమానం. అడగలేదు.

కొత్త పరదాల కోసం రాసి పంపాం. వస్తాయన్నారు.

పెద్దబాపూ, నువ్వూ బాపూ ఎట్లా పడుకునేవాళ్లు? మీకు రెండు పరదాలు ఉండేవా? బాపు ఇంటికి వచ్చినప్పుడు పులి అడుగుల గురించి చెప్పేవాడు, జింకల గురించి చెప్పేవాడు, తను ఎట్లా పడుకునేవాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆ చివరి రాత్రి గురించి మాకు తెలిసింది ఒక్క ముక్కే. జ్వరం వచ్చింది, తెల్లారి మోసుకొచ్చారు, దారిలో పోయాడు. నేను ఇప్పుడు అదే గుట్ట కింద పడుకుంటున్నాను. నాకు మిగతాది కూడా తెలియాలి.

నవ్య


కరీంనగర్
అక్టోబరు 29

బిడ్డా,

యాదవ్వను డాక్టరుకు చూపించు. దగ్గును నమ్మకూడదు. పని పోతుందని ఆగితే మనిషే పోతుంది. ఈ మాట ముందు రాస్తున్నాను, మిగతాది చదవకపోయినా ఇది చదువు.

మాకు ఒక్కటే పరదా ఉండేది. మంచి దళసరిది, ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. మూలన నల్లటి ముద్ర, నంబరు. నేను చేరిన ఏడాదే ఇచ్చారు. రెండు మడతలు వేస్తే ఒక మనిషికి సరిగ్గా సరిపోయేది. అందుకని వంతులు పెట్టుకున్నాం. ఒక రాత్రి నాది, ఒక రాత్రి రాజంది.

వంతు మరిచిపోయి కొట్లాడుకోకుండా మీ బాపు ఒక ఉపాయం చేశాడు. నువ్వు బడికి పోయేటప్పుడు జడకు కట్టుకునే ఎర్ర రిబ్బను ఒకటి తెచ్చాడు. అది ఆయన గుర్తు. నా పాత ఆకుపచ్చ లుంగీలోంచి ఒక పీలిక చింపాను, అది నా గుర్తు. పొద్దున పరదా మీద నుంచి లేచినవాడు దాన్ని చుట్టి, రెండోవాడి గుర్తుతో కట్టాలి. తన గుర్తు చుట్టలో దాచాలి. అంటే "ఇవాళ రాత్రికి నీదే" అని చెప్పడం. పదకొండేళ్లలో నోటితో ఒక్కసారి కూడా వంతు మాట మాట్లాడుకోలేదు. కట్టు చూస్తే తెలిసేది. ఎర్ర రిబ్బను కనిపిస్తే రాజం ముఖం వెలిగేది, పరదాకు కాదు, నీ రిబ్బనుకు. "నా బిడ్డ పిలుస్తుంది" అనేవాడు.

ఆ రాత్రి సంగతి అడిగావు. తుఫాను వాన మూడు రోజులుగా పడుతోంది. ఆ రాత్రి పరదా మీ బాపు కిందే ఉంది. చేయగలిగింది చేశాం. రోగం ముందే ఛాతీలో ఉందన్నాడు డాక్టరు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పదే పదే తలుచుకుంటే పోయినవాడు రాడు.

పరదా ఏమైందో నాకు తెలియదు. స్టోరుకు పోయి ఉంటుంది.

సదానందం


ఊట్లవాగు
డిసెంబరు 6

సదానందం గారికి,

కొత్త పరదాలు రాలేదు. మొన్న షెడ్డు రేకు కారుతుంటే దూలం మీద బకెట్టు పెట్టడానికి ఎక్కాను. మూలన ఒక చుట్ట ఉంది, ఎలుకలు కొరికిన చాప వెనకాల. దుమ్ము దులిపాను. దళసరి పరదా, మూలన నల్ల ముద్ర. మాకు వండిపెట్టే ముసలాయన కింద నుంచి అరిచాడు: "గది ముట్టకు బిడ్డా, సచ్చినోని సామాను. రాజం పోయిన దినాన సదానందమే ఆడ పెట్టిండు. అప్పట్సంది ఎవ్వలు ముట్టలే."

అది ఎర్ర రిబ్బనుతో కట్టి ఉంది.

నా రిబ్బనే. ఒక కొస కాలి ఉంటుంది, దీపానికి అంటుకుంటే అవ్వ నన్ను కొట్టింది. విప్పాను. లోపల ఆకుపచ్చ లుంగీ పీలిక.

మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. లేచినవాడు రెండోవాడి గుర్తుతో కట్టాలని మీరే రాశారు. ఎర్ర రిబ్బను కట్టి ఉందంటే దాని మీద చివర పడుకుని లేచింది మీరు. బాపు కాదు.

ఇందులో నాకు తెలియని లెక్క ఏదైనా ఉంటే చెప్పండి. ఉంటే బాగుండునని రెండు రోజులు కూర్చుని ఆలోచించాను. దొరకలేదు.

మేమిద్దరం ఇప్పుడు ఆ పరదా మీదే వంతుల వారీగా పడుకుంటున్నాం. యాదవ్వకు దగ్గు పెరిగింది. ఇవాళ వంతు నాది.

నవ్యశ్రీ


కరీంనగర్
డిసెంబరు 19

నవ్యా,

మొదటిసారి నన్ను మీరు అన్నావు. అక్కడే తెలిసిపోయింది, మిగతాది చదవకముందే.

ఆ రాత్రి వంతు రాజంది. ముందురోజు రాత్రి నేను పడుకున్నాను, పొద్దున ఎర్ర రిబ్బను నేనే కట్టాను. మూడు రోజుల వానకు నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. గుట్ట కిందికి చేరాక రాజం నీళ్లకు పోయాడు. వాడు వచ్చేలోపు కట్టు విప్పి నా సంచి కింద పరుచుకున్నాను. వచ్చి చూశాడు. నవ్వాడు. "ఇయ్యాల నాది గాదా సదన్నా?" అన్నాడు. "నిన్న నీదే గదనే, మర్సినవా" అన్నాను. వాడికి గుర్తుంది. నాకు తెలుసు వాడికి గుర్తుందని. వట్టి నేల మీద సంచి వేసుకున్నాడు. దాని అడుగున చిల్లులున్నాయి. యాదవ్వకిచ్చిన సంచి అదే.

వాడికి అప్పటికే రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉంది. నాకు చెప్పలేదు, కానీ అన్నం పెట్టేటప్పుడు చెయ్యి తగిలి నాకు తెలిసింది.

నడిరాత్రి పిలిచాడు. "సదన్నా, జర గా పరదా ఇయ్యవా. కిందికెళ్లి నీళ్లొస్తున్నయ్." నేను మెలకువగానే ఉన్నాను. పలకలేదు. నిద్రపోతున్నట్టు ఊపిరి తీశాను. కాసేపటికి మళ్లీ పిలిచాడు, "సదన్నా" అని ఒక్కటే. పళ్లు కొట్టుకునే చప్పుడు వినిపించింది. ఇంకోసారి పిలిస్తే లేద్దాం అనుకున్నాను. మూడోసారి పిలవలేదు.

తెల్లారి చూస్తే వణుకు ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాడు, మాట ముద్దగా వస్తోంది. వైర్‌లెస్ సెట్టు తడిసి పలకలేదు. మనుషుల కోసం పరుగెత్తాలి. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పరదా ఎత్తి, చుట్టి, నా పీలిక లోపల పెట్టి, ఎర్ర రిబ్బనుతో కట్టాను. రోజూ కట్టే చెయ్యి, కట్టేసింది. వాడు చూస్తూనే ఉన్నాడు. "ఇవాళ రాత్రికి నీదే" అని వాడికి చెప్పినట్టయింది. నా రగ్గు వాడి మీద కప్పి అప్పుడు పరుగెత్తాను. మధ్యాహ్నానికి మంచం మీద మోసుకొచ్చాం. రోడ్డుకు చేరకముందే పోయాడు. ఆ చుట్ట నా భుజానే ఉంది. షెడ్డుకు తెచ్చి, కంటికి కనపడకుండా దూలం మీదికి తోశాను.

డాక్టరు అన్న మాట అబద్ధం కాదు. రోగం ముందే ఉంది. ఏడాదిగా ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను. కానీ పొడిగా పడుకుని ఉంటే ఇంకో రోజు ఉండేవాడేమో, ఆ రోజులో ఆసుపత్రికి చేరేవాడేమో. ఈ రెండు 'ఏమో'లు నన్ను పండుకోనివ్వవు.

మీ అవ్వ ముఖం చూడలేకే రాలేదు. ఉక్కపోతకు బండల మీద పడుకుంటున్నానని రాశాను. చలికాలంలో కూడా బండల మీదే. దానితో ఏదో తీరుతుందని కాదు. నాకు తెలుసు.

క్షమించమని రాయను. యాదవ్వకు పరదా ఇచ్చెయ్ బిడ్డా. నీ వంతైనా సరే.

సదానందం


ఊట్లవాగు
జనవరి 3, 2025

సదానందం పెద్దబాపుకు,

నీ ఉత్తరం జీపు దగ్గరే నిలబడి చదివాను. "ఏమైంది?" అని యాదవ్వ అడిగితే ఇంటి దగ్గర అందరూ బాగున్నారని చెప్పాను.

నా కోపం ఎంతో నాకే తెలియడం లేదు. "మూడోసారి పిలవలేదు" అని రాశావు. రాత్రి ఎర్రగుట్ట కింద పడుకుంటే ఆ మాటే వినిపిస్తుంది. ఎవరు దగ్గినా లేచి కూర్చుంటున్నాను. బాపు కోసం ఏడాది తర్వాత మళ్లీ కొత్తగా ఏడ్చాను. నిన్ను తిట్టుకుంటూ ఏడ్చాను.

కానీ ఒక సంగతి నీకు రాయాలి. డిసెంబరు ఆరున ఉత్తరం రాసినప్పుడు వంతు నాది అని రాశాను కదా. ఆ రాత్రి పరదా నేనే వేసుకున్నాను. యాదవ్వ దగ్గుతూనే ఉంది. నాకు మెలకువ వచ్చింది. లేచి ఇద్దామనుకున్నాను, ఒళ్లు బరువై లేవలేదు. రేపు ఎట్లాగూ ఆమెదే కదా అనుకుని అటు తిరిగి పడుకున్నాను. నీ గురించి అంత రాసినదాన్ని, అదే రాత్రి. పొద్దున ఆమెకు ఒళ్లు కాలిపోతోంది.

ఆమె బతికింది. భయపడకు. జీపు ఉన్న రోజు కాబట్టి ఆసుపత్రికి పంపించగలిగాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు, పది రోజులు ఉంచి పంపారు. మంగళవారం మళ్లీ పనిలోకి వచ్చింది. వద్దంటే వినలేదు.

ఆమె వచ్చేముందు పరదా తీసి షెడ్డు ముందర పరిచాను. రెండు మడతలు వేశాను, నువ్వు మొదటి ఉత్తరంలో రాసినట్టే. సంచి దాని మీద పెట్టి చూశాను. నాలుగు వేళ్లు లోపలికే ఉంది. తర్వాత మడత విప్పి, రెండో సంచి పక్కన పెట్టాను. రెండు సంచులూ పట్టాయి, పెద్దబాపూ. ఆరడుగులు. మనిషికి మూడు. మడత మీద పడుకుంటే ఎంత పొడిగా ఉంటుందో, ఒంటి పొర మీదా అంతే పొడిగా ఉంటుంది. అంత దళసరిది.

రెండు సంచుల మధ్య సందులో వాన నిలవకుండా వేరు చేద్దామని కూర తరిగే కత్తి తెచ్చాను. వండిపెట్టే ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు: "ఓ పోరీ, సర్కారు సామానది, ముద్ర సూడు! కోస్తె కాయిదం అడుగుతరు." మడత మీద పదకొండేళ్లుగా పడ్డ గీత ఉంది. ఆ గీత వెంబడే కోశాను. అడిగారు కాగితం. "ఇద్దరు మనుషులకు సరిపోవడానికి కోశాను" అని రాసి సంతకం పెట్టాను. స్టాకు రిజిస్టరులో నా పేరు మీద నష్టం అని రాసుకున్నారు. అంతకంటే ఏమీ కాలేదు.

పదకొండేళ్లు మీరిద్దరూ ఆ ముద్రకు భయపడి ఒక్కరోజు కూడా కత్తి పెట్టలేదు. ఇద్దరికీ సరిపోయేదాన్ని మడతపెట్టి ఒకరి కింద వేశారు. ఇది తలుచుకున్నప్పుడు నీ మీద కోపం కంటే పెద్దదేదో వస్తుంది. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు.

అవ్వకు నేను బయట పడుకుంటున్నానని చెప్పేశాను. నీ సంగతి మాత్రం నేను చెప్పను. అది నువ్వే చెప్పాలి. కరీంనగర్ నుంచి చెన్నూరుకు బస్సు ఉంది. ఆమె తలుపు వేసినా వేస్తుంది. అయినా పోవాలి.

రిబ్బను నా దగ్గర ఉంచుకున్నాను. నీ ఆకుపచ్చ పీలిక ఈ కవరులో పెడుతున్నాను. ఇక్కడ దానితో పని లేదు. ఇప్పుడు ఈ క్యాంపులో వంతులు లేవు.

నవ్య